ప్రతి నోట్‌బుక్‌కూ ఒక విడి గది



ఎండాకాలంలో మీ ఇళ్ళలో ఊరగాయలు పెట్టడం మీరు చూసే వుంటారు. ఆవకాయకు ఒక జాడీ, మాగాయకు ఒక జాడీ, గోంగూరకు మరొక జాడీ. ఏ జాడీ గరిటె ఆ జాడీకే. మజ్జిగలో ముంచిన గరిటెను పొరపాటున ఆవకాయలో పెట్టామా, ఇక అమ్మమ్మ ఊరుకోదు. ఆమె కోపంలో అర్థం వుంది. ఆ తడి తగిలితే నాలుగు రోజుల్లో జాడీ బూజు పడుతుంది. ఏడాదికి సరిపడా పెట్టిన పచ్చడి ఒక్క గరిటెతో పోతుంది.

కంప్యూటరు ప్రోగ్రాములు రాసేవారికీ ఇలాంటి చిక్కే ఒకటి వుంది. ఒక పని కోసం తెచ్చుకున్న సరంజామా మరో పనిని పాడుచేస్తుంది. దానికి విరుగుడు కూడా ఊరగాయలకు చేసినట్టే: దేని జాడీ దానికి. ఆ విరుగుడు ఏమిటో, అదెలా పనిచేస్తుందో ఈ వ్యాసంలో చూద్దాం. ముందుగా, దాని విలువ నాకెలా తెలిసివచ్చిందో చెబుతాను.

ఒక సాయంత్రం నేను చేసిన పొరపాటు

ఇది 2023లో మా బడిలో జరిగింది. పదో తరగతి అమ్మాయి ఒకరు సైన్సు ప్రదర్శన కోసం వాన లెక్కలు తీసింది. జూన్ 1 నుంచి సెప్టెంబరు 30 వరకు, మొత్తం 122 రోజులు, సెలవు రోజుల్లో కూడా వచ్చి, ఉదయం 8.30 గంటలకు వర్షమాపకంలోని నీటిని కొలిచి రాసుకుంది. మన వాతావరణ శాఖవారు వాన కొలిచే వేళ అదే. 2.5 మిల్లీమీటర్లు గాని, అంతకంటే ఎక్కువ గాని పడితేనే దాన్ని 'వాన రోజు'గా లెక్కిస్తారు. ఆ అమ్మాయి నాలుగు నెలల పట్టికలను ఒకటిగా చేర్చి, వాన రోజులు లెక్కపెట్టి, గ్రాఫు గీసే ప్రోగ్రామును బడి కంప్యూటరులో స్వయంగా రాసింది. అది చక్కగా పనిచేసింది.

ప్రదర్శనకు ముందురోజు సాయంత్రం మరో బృందం పిల్లలు వచ్చారు. తమ ప్రోగ్రాముకు ఒక కొత్త ప్యాకేజి కావాలన్నారు. నేను ఒక ఆజ్ఞ కొట్టి తెప్పించాను. వారి పని అయిపోయింది. అందరం సంతోషంగా ఇళ్ళకు వెళ్ళాం.

మర్నాడు ఉదయం వాన లెక్కల ప్రోగ్రాము నడవలేదు. పట్టికలు చేర్చే చోట ఆగిపోయి, 'ఈ పట్టికకు అపెండ్ అనేది లేదు' అంటూ తప్పు చూపింది. ఆ అమ్మాయి తన ప్రోగ్రాములో ఒక్క అక్షరం కూడా మార్చలేదు. అయినా నిన్న నడిచింది ఈ రోజు ఎందుకు నడవదు? న్యాయనిర్ణేతలు వచ్చేలోగా ఆ అమ్మాయి కళ్ళు తుడుచుకుని, చార్టు కాగితం మీద గ్రాఫును చేత్తోనే గీసింది. తప్పు ఆమెది కాదు, నాది. ఆ తప్పు ఏమిటో తెలియాలంటే ముందు కొన్ని సంగతులు తెలుసుకోవాలి.

నోట్‌బుక్ అంటే ఏమిటి?

1610 జనవరి 7వ తేదీ రాత్రి గెలీలియో తన దూరదర్శినిని గురుగ్రహం వైపు తిప్పాడు. గ్రహం పక్కన మూడు చిన్న చుక్కలు కనిపించాయి. వాటి స్థానాలను కాగితం మీద గుర్తుపెట్టుకున్నాడు. మర్నాడు చూస్తే అవి చోటు మారాయి! జనవరి 13న నాలుగో చుక్క కూడా కనిపించింది. ఇలా రోజూ బొమ్మ గీసి పక్కన మాటలు రాసుకున్నందువల్లనే అవి నక్షత్రాలు కావనీ, గురుగ్రహం చుట్టూ తిరిగే చంద్రులనీ ఆయన తేల్చగలిగాడు.

ఇప్పటి శాస్త్రజ్ఞులు కంప్యూటరులో వాడే నోట్‌బుక్ కూడా అలాంటిదే. ఇందులో పేజీ గడులు గడులుగా వుంటుంది. ఒక గడిలో మామూలు మాటలు రాసుకోవచ్చు. మరో గడిలో ప్రోగ్రాము రాసి నడిపిస్తే జవాబు దాని కిందనే కనిపిస్తుంది. అది సంఖ్య కావచ్చు, పట్టిక కావచ్చు, గ్రాఫు కావచ్చు. నచ్చకపోతే ఆ గడి ఒక్కటే దిద్ది మళ్ళీ నడిపించవచ్చు.

దీని పునాది 2001లో పడింది. ఫెర్నాండో పెరెజ్ అనే భౌతికశాస్త్ర విద్యార్థి తన పరిశోధన పనిలో వీలుగా వుంటుందని 'ఐపైథాన్' అనే సాధనాన్ని రాసుకున్నాడు. 2011లో దానికి నోట్‌బుక్ రూపం వచ్చింది. 2014లో 'జూపిటర్' అనే పేరు పెట్టారు. జూలియా, పైథాన్, ఆర్ అనే మూడు ప్రోగ్రామింగ్ భాషల పేర్లు కలిసి ఆ పేరు అయింది. గురుగ్రహానికి ఇంగ్లీషులో పేరు కూడా జూపిటరే గనుక, గెలీలియో నోటుపుస్తకాలకు అది నమస్కారం కూడా.

2015 సెప్టెంబరు 14న అమెరికాలోని లైగో పరిశోధకులకు గురుత్వ తరంగాలు మొదటిసారి చిక్కాయి. 2016 ఫిబ్రవరిలో ఆ వార్తను ప్రకటించినప్పుడు వారు కొలతలను, వాటిని లెక్కగట్టే నోట్‌బుక్‌ను కూడా లోకానికి ఇచ్చారు. ఎవరైనా దాన్ని నడిపి చూసుకోవచ్చు. సైన్సులో 'నేను చెప్పాను, నమ్మండి' అనడం చెల్లదు. 'ఇదిగో, మీరూ చేసి చూడండి' అనాలి. నోట్‌బుక్ నడవకపోతే ఆ మాటకు విలువ వుండదు.

ప్యాకేజీలు, వాటి కూర్పులు

నోట్‌బుక్‌లలో ఎక్కువగా వాడే భాష పైథాన్. హాలండు దేశస్థుడు గైడో వాన్ రోసమ్ దాన్ని 1991లో విడుదల చేశాడు. పేరులో కొండచిలువ వున్నా, పాముకూ దీనికీ సంబంధం లేదు. ఆయనకు ఇష్టమైన ఒక బ్రిటిష్ హాస్య కార్యక్రమం పేరులోని మాట అది.

పైథాన్ ఒక్కటే అన్ని పనులూ చేయదు. పట్టికలకు 'పాండాస్', అంకెల వరుసలకు 'నంపై', గ్రాఫులకు 'మాట్‌ప్లాట్‌లిబ్'. ఇలా ఇతరులు రాసి అందరికీ ఉచితంగా ఇచ్చిన ప్యాకేజీలు వున్నాయి. ఇంటర్నెట్‌లోని పైథాన్ ప్యాకేజీల భాండాగారంలో ఇలాంటివి ఐదు లక్షలకు పైగా వున్నాయి. వాటిని తెచ్చిపెట్టే సాధనం పేరు 'పిప్'.

పాఠ్యపుస్తకాలకు కొత్త ముద్రణలు వచ్చినట్టే ప్యాకేజీలకు కొత్త కూర్పులు వస్తుంటాయి. కూర్పు సంఖ్య 1.5.3 లాగా వుంటుంది. చాలా ప్యాకేజీలలో చివరి అంకె మారితే చిన్న దిద్దుబాట్లు జరిగినట్టు, మొదటి అంకె మారితే పెద్ద మార్పులు జరిగినట్టు. పాతవి కొన్ని తీసేసి వుండవచ్చు కూడా.

మా బడిలో జరిగింది అదే. పాండాస్‌లో పట్టికలను చేర్చడానికి 'అపెండ్' అనే పద్ధతి వుండేది. 2022 జనవరిలో వచ్చిన 1.4 కూర్పు నుంచి 'ఇది త్వరలో పోతుంది, కాంకాట్ వాడండి' అని హెచ్చరిక చూపసాగింది. ప్రోగ్రాము నడుస్తోంది కదా అని మేము ఆ ఎర్రటి అక్షరాలను పట్టించుకోలేదు. 2023 ఏప్రిల్‌లో వచ్చిన 2.0 కూర్పులో దాన్ని తీసేశారు. రెండో బృందానికి నేను తెప్పించిన ప్యాకేజికి పాండాస్ కొత్త కూర్పు కావాలి. పిప్ తన పని తాను చేసింది. పాతదాన్ని తీసేసి కొత్తదాన్ని పెట్టింది. మొదటి బృందం ప్రోగ్రాము కింద నేల కదిలిపోయింది.

రెండు కూర్పులూ ఎందుకు వుండకూడదు?

'రెండింటినీ వుంచుకుంటే సరిపోతుంది కదా!' అని మీకు తోచవచ్చు. మంచి ప్రశ్నే.

పైథాన్ ప్యాకేజీలన్నింటినీ ఒక ఫోల్డరులో పెట్టుకుంటుంది. దాని పేరు 'సైట్-ప్యాకేజెస్'. పాండాస్ వస్తే అందులో 'పాండాస్' అనే పేరుతో ఒక ఫోల్డరు ఏర్పడుతుంది. మీ ప్రోగ్రాములో 'ఇంపోర్ట్ పాండాస్' అని రాస్తే పైథాన్ ఆ పేరు పెట్టుకుని వెతుకుతుంది. కూర్పు సంఖ్యతో వెతకదు. ఒకే చోట ఒకే పేరుతో రెండు ఫోల్డర్లు వుండటం సాధ్యం కాదు. కాబట్టి ఒక సైట్-ప్యాకేజెస్‌లో పాండాస్‌కు ఒకే కూర్పు వుంటుంది.

అయితే దారి వున్నది. సైట్-ప్యాకేజెస్ ఒక్కటే కావడం వల్ల కదా చిక్కు! ప్రతి పనికీ ఒక సైట్-ప్యాకేజెస్ ఇచ్చేస్తే సరి. అదే 'వర్చువల్ ఎన్విరాన్‌మెంట్'. మనం దాన్ని 'విడి గది' అందాం. 2007లో ఇయాన్ బికింగ్ అనే ఆయన దీనికోసం 'వర్చువల్‌ఎన్వ్' అనే సాధనం చేశాడు. 2012లో వచ్చిన పైథాన్ 3.3 నుంచి 'వెన్వ్' అనే పేరుతో ఇది పైథాన్‌లోనే భాగమైంది.

గది లోపల ఏముంటుంది?

విడి గది అంటే అంతుపట్టని యంత్రమేమీ కాదు. అది మామూలు ఫోల్డరు. అందులో ముఖ్యంగా మూడు వుంటాయి. ఒకటి, పైథాన్‌ను పిలిచే ద్వారం. రెండు, ఆ గదికి మాత్రమే చెందిన సైట్-ప్యాకేజెస్. మూడు, అసలు పైథాన్ ఎక్కడుందో రాసిన ఒక చిన్న చీటీ. గది ద్వారం గుండా పైథాన్ మొదలైనప్పుడు అది పక్కనున్న చీటీని చూసి, 'ఓహో, నేను ఫలానా గదిలో వున్నాను' అని గ్రహిస్తుంది. ప్యాకేజీల కోసం ఆ గదిలోని సైట్-ప్యాకేజెస్‌లోనే వెతుకుతుంది. పక్క గదుల జోలికి పోదు.

గదిని కట్టే విధానం

మీ కంప్యూటరులో పైథాన్ వుంటే ఈ మెట్లు చేసి చూడవచ్చు. ఆజ్ఞలను ఇక్కడ తెలుగు లిపిలో ఇస్తున్నాను. మీరు కీబోర్డు మీద ఇంగ్లీషు చిన్న అక్షరాలలో కొట్టాలి.

1. వర్షం ప్రాజెక్టుకు ఒక ఫోల్డరు చేసి, ఆజ్ఞలు కొట్టే నల్ల కిటికీని, అంటే టెర్మినల్‌ను, ఆ ఫోల్డరులో తెరవండి.

2. 'పైథాన్ -ఎమ్ వెన్వ్ గది' అని కొట్టండి. 'గది' అనేది మనం పెట్టిన పేరు. కొద్దిసేపట్లో ఆ పేరుతో ఫోల్డరు ఏర్పడుతుంది. లైనక్స్‌లో పైథాన్ పక్కన 3 అంకె చేర్చవలసి రావచ్చు.

3. గదిలోకి వెళ్ళండి. విండోస్‌లో గది ఫోల్డరులోని 'స్క్రిప్ట్స్' లోపల వున్న 'యాక్టివేట్' ను పిలవాలి. లైనక్స్‌లో 'బిన్' లోపలి 'యాక్టివేట్' ను 'సోర్స్' అనే మాటతో పిలవాలి. వెంటనే వరుస మొదట్లో కుండలీకరణాలలో గది పేరు కనిపిస్తుంది.

4. 'పిప్ ఇన్‌స్టాల్ నోట్‌బుక్ పాండాస్ మాట్‌ప్లాట్‌లిబ్' అని కొట్టండి. ఇవన్నీ ఈ గదిలోకే వస్తాయి.

5. 'జూపిటర్ నోట్‌బుక్' అని కొడితే బ్రౌజరులో నోట్‌బుక్ తెరుచుకుంటుంది.

6. పని అయ్యాక 'డీయాక్టివేట్' అని కొట్టి గదిలోంచి బయటికి రండి.

మూడో మెట్టులో జరిగేదేమిటి? మీరు 'పైథాన్' అని కొట్టినప్పుడు కంప్యూటరు కొన్ని ఫోల్డర్ల వరుసలో ఆ పేరు గల ప్రోగ్రాము కోసం వెతుకుతుంది. ముందు దొరికినదాన్ని నడుపుతుంది. యాక్టివేట్ చేయడమంటే మన గదిని ఆ వరుసలో అందరికన్నా ముందు నిలబెట్టడం, అంతే!

కొన్ని లైనక్స్ కంప్యూటర్లలో గది లేకుండా పిప్‌తో ప్యాకేజి తెప్పించబోతే అది ఒప్పుకోదు. 2023లో వచ్చిన డెబియన్ 12లో ఈ కట్టడి వుంది. ఆ కంప్యూటరు సొంత పనులు కొన్ని పైథాన్ మీదనే నడుస్తాయి. మన ప్యాకేజీలు వాటిని చెడగొట్టకూడదని ముందే గడియ వేశారన్న మాట.

నోట్‌బుక్ ఏ గదిలో నడుస్తోంది?

ఇక్కడ పెద్దవాళ్ళు కూడా తడబడుతుంటారు. ప్యాకేజిని తెప్పించారు, తెప్పించినట్టు కంప్యూటరు చెప్పింది కూడా. అయినా నోట్‌బుక్‌లో 'అలాంటి ప్యాకేజి లేదు' అని వస్తుంది. ఎందుకు?

బ్రౌజరులో మీకు కనిపించే పేజీ పలక లాంటిది. పలక లెక్కలు చేయదు. దాని వెనుక 'కెర్నల్' అనే వేరొక ప్రోగ్రాము కూర్చుని వుంటుంది. కెర్నల్ అంటే గింజలోని పప్పు. మీరు గడిలో రాసింది కెర్నల్‌కు వెళుతుంది. అది లెక్క చేసి జవాబును పలక మీదికి పంపుతుంది. మీరు ప్యాకేజిని ఒక గదిలో పెట్టి, కెర్నల్ మరో గదిలో కూర్చుంటే అది ఆ ప్యాకేజిని ఎలా చూడగలదు? ఆవకాయ ఒక జాడీలో పెట్టి మరో జాడీలో వెతికినట్టే!

దీన్ని కనిపెట్టడం సులభం. ఒక గడిలో 'ఇంపోర్ట్ సిస్' అనీ, కింది వరుసలో 'సిస్.ఎగ్జిక్యూటబుల్' అనీ రాసి నడపండి. కెర్నల్ ఏ పైథాన్‌తో నడుస్తోందో దాని పూర్తి చిరునామా వస్తుంది. అందులో మీ గది పేరు వుంటే సరే. లేకపోతే కెర్నల్ వేరే చోట వుందన్న మాట.

ఒకే నోట్‌బుక్ కిటికీ నుంచి చాలా గదులను వాడాలంటే, ప్రతి గదిలోకి వెళ్ళి 'ఐపైకెర్నల్' అనే ప్యాకేజిని పెట్టి, 'పైథాన్ -ఎమ్ ఐపైకెర్నల్ ఇన్‌స్టాల్ --యూజర్ --నేమ్ వర్షం' అని కొట్టాలి. అప్పుడు నోట్‌బుక్ కెర్నళ్ళ పట్టీలో 'వర్షం' అనే పేరు చేరుతుంది. కావలసినదాన్ని ఎంచుకోవచ్చు.

మరొక సంగతి. ఒకసారి ఇంపోర్ట్ చేసిన ప్యాకేజి కెర్నల్ జ్ఞాపకంలో నిలిచివుంటుంది. ప్యాకేజిని మార్చాక కెర్నల్‌ను ఆపి మళ్ళీ మొదలుపెట్టండి. లేకపోతే పాతదే నడుస్తుంది.

గదిని మొయ్యకండి, జాబితాను మొయ్యండి

మీ నోట్‌బుక్‌ను స్నేహితుడికి ఇవ్వాలి. గది ఫోల్డరును పెన్‌డ్రైవులో వేసి ఇస్తే పనిచేస్తుందా? చాలావరకు చేయదు. గది లోపలి ఫైళ్ళలో మీ కంప్యూటరులోని చిరునామాలు రాసి వుంటాయి. స్నేహితుడి కంప్యూటరులో ఆ చిరునామాలు వుండవు.

అందుకని సామానంతా మోయకుండా సరుకుల చీటీ ఇస్తే చాలు. గదిలో వుండగా 'పిప్ ఫ్రీజ్ > రిక్వైర్‌మెంట్స్.టిఎక్స్‌టి' అని కొడితే, గదిలోని ప్రతి ప్యాకేజి పేరూ, కూర్పు సంఖ్యతో సహా, ఒక ఫైలులో చేరుతుంది. దాన్ని నోట్‌బుక్‌తో పాటు ఇవ్వండి. ఏ కూర్పు పైథాన్‌తో చేశారో అందులో రాదు గనుక అది కూడా ఒక వరుసలో రాసివ్వండి. మీ స్నేహితుడు తన కంప్యూటరులో కొత్త గది కట్టుకుని, 'పిప్ ఇన్‌స్టాల్ -ఆర్' అని కొట్టి ఆ ఫైలు పేరు ఇస్తే అవే సరుకులు అతని గదిలోకి వస్తాయి.

ఇది చిన్న విషయమనుకోకండి. బ్రెజిల్, అమెరికా పరిశోధకులు కొందరు ఇంటర్నెట్‌లో జనం పెట్టిన 14 లక్షల నోట్‌బుక్‌లను సేకరించి, 2019లో తమ ఫలితాలు ప్రకటించారు. నడిపి చూసినవాటిలో తప్పు లేకుండా చివరిదాకా నడిచినవి నూటికి 24 మాత్రమే. మొదట వచ్చిన జవాబులే మళ్ళీ ఇచ్చినవి నూటికి 4! ప్యాకేజీలు దొరక్కపోవడం, గడులను వరుస తప్పి నడపడం ఇందులో పెద్ద కారణాలు. ఎంత శ్రమ వృథా అయిందో ఆలోచించండి.

గది చేయలేని పనులు

విడి గది అన్నింటికీ మందు కాదు. మొదటిది, అది ప్యాకేజీలను మాత్రమే వేరుచేస్తుంది. గదిలో నడిచే ప్రోగ్రాము కంప్యూటరులోని మీ ఇతర ఫైళ్ళను చూడగలదు, చెరపగలదు కూడా. కాబట్టి తెలియని ప్యాకేజీలను పేరు సరిచూసుకోకుండా తెప్పించకండి. రెండవది, వెన్వ్ గది కట్టినప్పుడు వున్న పైథాన్ కూర్పునే వాడుతుంది. వేరే కూర్పు పైథాన్ కావాలంటే దాన్ని ముందు తెచ్చుకోవాలి. 2012లో వచ్చిన 'కొండా' అనే సాధనం పైథాన్‌ను కూడా గదిలోకే తెచ్చిపెడుతుంది. మూడవది, ప్రతి గదీ డిస్కులో కొంత చోటు తింటుంది. అక్కర తీరిన గదిని చెరిపేయండి. అది ఫోల్డరే గనుక చెరిపితే చాలు. జాబితా మీ దగ్గర వుంటే ఎప్పుడైనా మళ్ళీ కట్టుకోవచ్చు.

మీరే చేసి చూడండి

రెండు గదులు కట్టండి. మొదటిదానిలో 'పిప్ ఇన్‌స్టాల్ టాబ్యులేట్==0.8.9', రెండవదానిలో 'పిప్ ఇన్‌స్టాల్ టాబ్యులేట్==0.9.0' కొట్టండి. ఇది పట్టికలను అందంగా అచ్చువేసే చిన్న ప్యాకేజి. తరువాత ఒక్కొక్క గదిలోకి వెళ్ళి 'పిప్ లిస్ట్' అని చూడండి. ఒకే కంప్యూటరులో ఒకే ప్యాకేజి రెండు కూర్పులూ ప్రశాంతంగా వుండటం మీకు కనిపిస్తుంది. ఇప్పుడు మొదటి గదిలోనే 0.9.0ను తెప్పించి, పిప్ ఏమంటుందో చదవండి. పాతదాన్ని తీసేస్తున్నట్టు అది చెప్పే వరుసను వెతికి పట్టుకోండి. ఆ సాయంత్రం నేను చదవకుండా వదిలేసిన వరుస అదే.

ఆ వాన లెక్కల నోట్‌బుక్ ఇప్పుడు మా బడిలో తన గదిలో తాను వుంది. పక్కన జాబితా వుంది. ఆ అమ్మాయి పైచదువుకు వెళ్ళిపోయింది. తరువాతి తరగతి పిల్లలు తమ ఏడాది కొలతలను అదే నోట్‌బుక్‌లో చేర్చుతున్నారు. మొదటి ఏడాది 122 అంకెలు ఇప్పటికీ అదే గ్రాఫును గీస్తున్నాయి. మీరు కష్టపడి చేసిన పని కూడా అలా నిలవాలంటే, మొదటి గడి రాయడానికి ముందే గది కట్టండి.